దారి చెప్పే బొమ్మ

రాయబారి భానుదత్తుడు పరదేశం వెళ్తూ దారి చెప్పే మాయబొమ్మను కొన్నాడు. "ఇదుండగా ఎవర్నీ దారి అడక్కు, నామర్దా," అని బండి తోలే ఓబులేసు నోరు మూయించాడు.

బొమ్మ చెప్పినట్టే తిరిగితే బండి ఆ దేశపు రాణిగారి స్నానాల గది వాకిట్లో ఆగింది. "మీ గమ్యం వచ్చింది," అంది బొమ్మ.

భటులు ఇద్దర్నీ రాజు ముందు నిలబెట్టారు. "తప్పు బండివాడిదే. నా బొమ్మ ఎన్నడూ పొరబడదు," అన్నాడు రాయబారి.

ఓబులేసు చేతులు కట్టుకున్నాడు. "గమ్యం వచ్చిందని బొమ్మ అనడం భటులూ విన్నారు ప్రభూ. అది పొరబడకపోతే, అయ్యగారు రావాలనుకున్న చోటు అదే మరి."

సభంతా రాయబారి వైపు తిరిగింది. "బొమ్మే పొరబడింది," అని గొణిగాడు, తలెత్తకుండా.

తిరుగు ప్రయాణంలో మొదటి కూడలి రాగానే ఆయనే బండి దిగి, ముఖానికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, గొర్రెలు కాసే ముసలమ్మను దారి అడిగాడు.