తియ్యటి మట్టి

రాజుగారు ముచ్చటపడి చేయించిన యంత్రనేత్రాన్ని గిడ్డంగి గుమ్మానికి బిగించారు. పన్ను కింద వచ్చే బెల్లాన్ని చూసి మంచిదో కాదో అదే చెబుతుంది. గిడ్డంగి అధికారి దండపాణి దానికి నేర్పేటప్పుడు పసుపుపచ్చటి దిమ్మలే చూపించాడు. అందుకే పైడమ్మ తెచ్చిన నల్లబెల్లాన్ని చూసి అది "పనికిరాదు" అంది.

"కాస్త నోట్లో వేసుకుని చూడండి బాబూ," అని బతిమాలింది పైడమ్మ.

"నేత్రం చెప్పాక నాలుకతో పనేముంది?" అని దండపాణి పన్ను బాకీ కింద ఆమె చెరుకుతోట జప్తు చేయించాడు.

మర్నాడు రాజుగారు తనిఖీకి వచ్చారు. పైడమ్మ ఆయన ఎదుటే నేత్రం ముందు మరో దిమ్మ పెట్టింది.

"మేలురకం!" అంది నేత్రం.

"అది పసుపు పూసిన మట్టి, మహాప్రభో," అంది పైడమ్మ.

రాజుగారు దండపాణి వైపు చూశారు. దండపాణి తడుముకోకుండా ఓ ముక్క కొరికి, నమిలి, మింగేశాడు.

"అబద్ధం ప్రభూ! తేనెలా ఉంది."

రాజుగారు తృప్తిగా తల ఊపారు.

పైడమ్మ దండం పెట్టింది. "బతికించారు ప్రభూ! తోట పోయిందని ఊరికే ఏడ్చాను. మీవాళ్లు మా నోట్లో కొట్టిన మట్టి ఊళ్లో బోలెడుంది. వచ్చే ఏడు పన్ను కింద అందరం అదే తోలుతాం."