వరాల మామ్మ మరచిన రేవు

అనగనగా ఒక అడవి, ఆ అడవిని రెండుగా చీలుస్తూ ఒక ఏరు. ఆ ఏట్లో వరాలు అనే ముసలి నీటికుక్క తెప్ప నడిపేది. చిన్నా పెద్దా అందరూ ఆమెను మామ్మా అనే పిలిచేవారు. వాళ్ల అమ్మలనూ నాన్నలనూ కూడా ఏరు దాటించింది ఆమే మరి.

ఆవలి ఒడ్డున నాలుగు రేవులు. మెట్లరేవు, బల్లరేవు, గుంజరేవు, ఊబిరేవు. ఆ పేర్లు ఊరికే పెట్టినవి కావు పిల్లలూ. మెట్లరేవులో రాతిమెట్లు ఉంటాయి, తెప్పను వాటి పక్కన ఆనించాలి. బల్లరేవులో ఒడ్డు నుంచి నీళ్ల మీదికి పొడవాటి చెక్కబల్ల ఉంటుంది, దాని కొసన ఆగాలి. గుంజరేవులో నీళ్లలో కొయ్యగుంజ పాతి ఉంటుంది, దానికి తాడు వెయ్యాలి. ఊబిరేవులో మాత్రం ఎవరూ దిగకూడదు. చూస్తే చదునుగా, పచ్చగా ఉంటుంది. కాలు పెడితే మింగేస్తుంది.

మామ్మ ఒడ్డు దగ్గరికి రాగానే రేవు పేరు మనసులో అనుకునేది. పేరు తట్టిందంటే చాలు, ఏం చెయ్యాలో చేతులకు తెలిసిపోయేది.

ఆ ఏడు వానలు మొదలైనప్పటి నుంచి పేర్లు తట్టడం లేదు. నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. మామ్మకు భయం పట్టుకుంది. ఈ సంగతి తెలిస్తే తెప్ప తోసే గెడ తన చేతిలోంచి తీసేసుకుంటారు, ఒడ్డున ఎండలో కూర్చోబెడతారు, ఇక తనతో ఎవరికీ పని ఉండదు అనుకుంది. అందుకని ఎవరికీ చెప్పలేదు.

ఒకనాడు పొద్దున్నే వరద వచ్చింది. ఈవలి ఒడ్డు మునగసాగింది. అందరూ ఆవలి మెరకకు చేరాలి. నీళ్ల ఉరవడికి ఎవరూ ఈదలేరు.

మొదట కుందేళ్లు ఎక్కాయి. బల్లరేవు దగ్గర మామ్మ తెప్పను ఎక్కడ ఆపాలో తెలియక బల్లకే కొట్టింది. కుందేళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పెద్ద కుందేలు మెల్లగా లేచి, ఇక నుంచి రేవు పేరు మేం చెప్పమంటావా మామ్మా అని అడిగింది.

"చెవులు పొడుగైనంత మాత్రాన అన్నీ తెలిసిపోవు. దిగు," అంది మామ్మ.

తర్వాత ఏదుపంది ఎక్కింది. మెట్లరేవులో మామ్మ గుంజ ఉందనుకుని తాడు విసిరింది. తాడు వెళ్లి నీళ్లలో పడింది. తెప్ప గిర్రున తిరిగింది. పాడు గాలి అని మామ్మ విసుక్కుంది. ఏదుపంది తలెత్తి చెట్ల వంక చూసింది. ఒక్క ఆకూ కదలడం లేదు. మామ్మ మనసు నొచ్చుకుంటుందని ఏమీ అనకుండా దిగిపోయింది.

మూడోసారి ఒక దుప్పి, దాని మూడు రోజుల పిల్ల ఎక్కాయి. వాళ్లను గుంజరేవులో దించాలి. దుప్పి ఒడ్డుకు వీపు పెట్టి నిలబడి, వణుకుతున్న పిల్లను నాకుతూ ఉంది. మామ్మకు ఎదురుగా పచ్చటి చదును కనబడింది. ఈ చోటుకు ఏదో పేరుంది, ఆ పేరులో ఏదో భయం ఉంది అనిపించింది. దుప్పిని అడుగుదామని నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది. తెప్ప ఆపి, దిగండి అంది.

పిల్ల గెంతింది. పొట్టదాకా కూరుకుపోయింది.

దుప్పి తిరిగి చూసి, తానూ దూకబోయింది. మామ్మ అడ్డం నిలబడింది.

"దూకకమ్మా, నువ్వూ దిగబడతావు. ఇది ఏ రేవో నాకు గుర్తు రాలేదు. నిన్ను అడగడానికి సిగ్గుపడ్డాను. దీని పేరు చెప్పు తల్లీ."

"ఊబిరేవు మామ్మా," అంది దుప్పి ఏడుస్తూ.

ఆ పేరు వినగానే మామ్మ చేతులు కదిలాయి. గెడను బురద మీద అడ్డంగా పరిచింది. దాని మీద బోర్లా పడుకుని పాకింది. కాళ్లు ఆడించకు నాన్నా అని పిల్లకు చెబుతూ, దాని పొట్ట కింద తాడు చుట్టింది. తెప్ప మీంచి దుప్పి తాడు కొసను కరచిపట్టి లాగింది. చాలాసేపటికి పిల్ల ఊడి వచ్చింది.

గుంజరేవు చేరాక మామ్మ గెడ కింద పెట్టేసింది. ఇక నేను పనికిరాను, ఎవరైనా తీసుకోండి అంది. పెద్ద కుందేలు ఒడ్డు వెంబడి పరుగెత్తుకొచ్చి, ముందే చెబితే నీ సొమ్మేం పోయింది అని గట్టిగా కోప్పడింది. దుప్పి తన పిల్ల ఒంటిమీద బురదంతా నాకింది. ఆ తర్వాత గెడను ముక్కుతో మామ్మ వైపు దొర్లించింది.

"పేర్లు మాకు తెలుసు. తెప్ప నడపడం మాలో ఒక్కరికీ రాదు. ఆ మునిగే ఒడ్డున కొండముచ్చులు ఇంకా చెట్లెక్కి కూర్చునున్నాయి. లే మామ్మా."

ఆనాటి నుంచి తెప్ప ఎక్కినవాళ్లే రేవు పేరు చెప్పేవారు. మామ్మ గెడ వేసేది.

మరి కొన్నేళ్లకు ఆ దుప్పిపిల్లకు కొమ్ములొచ్చాయి. అది తెప్ప ఎక్కినప్పుడల్లా, నువ్వెవరి పిల్లవి నాయనా అని మామ్మ అడిగేది. ఇప్పుడు అలా అడగడానికి ఆమె సిగ్గుపడేది కాదు.

"నువ్వు ఊబిలోంచి లాగినవాణ్ణి మామ్మా," అనేది అది, ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే.

"అలాగా. మంచి పనే చేశానే," అని మామ్మ మురిసిపోయేది.

నీతి: మరచిపోవడం తప్పు కాదు. మరచిపోయానని మనవాళ్లకు చెప్పకుండా దాచడమే ముప్పు.