చిలుకను సాకే పద్ధతి

రాజులు పల్లకీల్లో తిరిగే రోజుల్లో, నూలు వడికి బతికే ఎల్లమ్మ ఒక చిలుకను పెంచుకునేది. "ఎల్లీ, అన్నం తిన్నావా?" అని అది చనిపోయిన ఆమె భర్త గొంతుతోనే అడిగేది. ఆ గొంతు ఎలా ఉండేదో ఆమెకు ఆ చిలుక వల్లే గుర్తుండేది.

రాజుగారికి కానుకగా ఇద్దామని దివాను ఆ చిలుకను బలవంతంగా తెప్పించి, పంజరాన్ని తన గదిలో వేలాడదీయించాడు. ఎల్లమ్మ వెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏడ్చి లాభం లేదు ముసలమ్మా. రేపే దీన్ని కోటకు పంపుతున్నాను."

"ఏడవడానికి రాలేదు దొరా. దాన్ని సాకే పద్ధతి చెప్పిపోదామని వచ్చాను. శనగలు నానబెట్టి పెట్టించండి. చలిగాలి తగలనివ్వకండి. పంజరం ఎప్పుడూ ఈ గదిలోనే ఉంటోందా?"

"ఇక్కడే. సాయంత్రాలు నా స్నేహితులు దాని మాటలు విని నవ్వుకుంటారు."

"అయితే అదీ మీ మాటలు వింటోందన్నమాట. మా ఇంట్లో విన్నది మీ ఇంట్లో చెబుతోంది కదా. మీ ఇంట్లో విన్నది కోటలో చెబుతుంది."

దివాను పంజరం వంక చూశాడు. రాజు గురించి స్నేహితులతో అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి.

"తీసుకుపో," అన్నాడు.

దారిలో చిలుక అడిగింది. "ఎల్లీ, అన్నం తిన్నావా?"

"నువ్వు లేకుండా ఎలా తింటానయ్యా," అంది ఎల్లమ్మ.