కూల్చడానికి కట్టే గోడ

ఆ రాజ్యంలో ఇల్లు కట్టాలంటే పాత రాజుల ఆజ్ఞలన్నీ వరసగా పాటించాలి. దండోరావాడు డప్పు కొట్టి, "తూర్పున గుమ్మం పెట్టండి!" అని మొదటి రాజు ఆజ్ఞ చాటుతాడు. పెడతారు. "తూర్పు గుమ్మం మూసి పడమట తెరవండి!" అని రెండో రాజు ఆజ్ఞ చాటుతాడు. మూసి, తెరుస్తారు. ఒక రాజు నడిమధ్య గోడ లేపమన్నాడు. ఆయన కొడుకు దాన్ని పడగొట్టమన్నాడు. పాపం, లేపి మరీ పడగొడతారు. చివరికి తేలే ఇల్లు చక్కనిదే కానీ, అది తేలేలోపు కట్టేవాళ్ళ నడుములు పడిపోయేవి.

ఒక ఏడు వరదకి ఏటి ఒడ్డున పేట మొత్తం కొట్టుకుపోయింది. జనం గట్టు మీద తాటాకుల కింద తలదాచుకున్నారు. వాళ్ళకి ఇళ్ళు కట్టే పని మేస్త్రమ్మ మీద పడింది. ఆ తాటాకుల కిందే ఆమె చెల్లెలు పచ్చి బాలింత. మళ్ళీ వానలు నెత్తి మీదికొచ్చాయి.

దండోరావాడు డప్పు సవరించుకున్నాడు. "తూర్పున గుమ్మం..."

"ఆగు," అంది మేస్త్రమ్మ. "మూసేసే గుమ్మం పెట్టడం ఎందుకు?"

"ఆచారమమ్మా. ఒక్క ఆజ్ఞ తప్పినా ఇల్లు నిలవదంటారు."

"ఆ అనేవాళ్ళు ఎప్పుడైనా ఇటుక మోశారా?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అయినా తొందరపడలేదు. ఇసుకలో కూర్చుని ఆజ్ఞలన్నీ వాడి చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. పెట్టి తీసేసినవన్నీ వదిలేసింది. ఒక్కచోట మాత్రం ఆగి ఆలోచించింది. పడగొట్టిన గోడ పునాది మీదే ఆ తర్వాతి ఆజ్ఞ ప్రకారం లేచే స్తంభం నిలబడుతోంది. గోడ వదిలేసి పునాది ఉంచింది. మిగిలినదంతా కలిపి ఒక్క ఆజ్ఞ చేసి దండోరావాడికి నేర్పింది.

"మరి వేరే పేటల్లో ఇప్పటికే సగం లేచిన ఇళ్ళో?"

"వాటి జోలికి పోకు. మొదలెట్టిన వరసలోనే పూర్తి కానీ. కొత్తగా పునాది తీసేవాళ్ళకే ఇది."

డప్పు ఒక్కసారే మోగింది. ఇళ్ళు చకచకా లేచాయి. చెల్లెలు బిడ్డనెత్తుకుని మొదటి ఇంట్లో అడుగు పెట్టింది.

కబురు తెలిసి రాజు రుసరుసలాడుతూ వచ్చాడు.

"మా తాతగారు లేపమన్న గోడ ఏది?"

"మీ నాన్నగారు పడగొట్టించిన గోడే కదా ప్రభూ."

"పడగొట్టాలన్నా ముందు కట్టాలి కదా! ఈ ఇళ్ళన్నీ కూల్చెయ్యమని ఇప్పుడే దండోరా వేయిస్తాను!"

మేస్త్రమ్మకి భయమేసింది. అయినా వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వేయించండి ప్రభూ. అదీ రాజాజ్ఞే, వరసలో చేరుతుంది. ఇకమీదట ఎవరు ఇల్లు కట్టినా, మీ ఆజ్ఞ పాటించి కూల్చాలంటే ముందు నేను చెప్పినట్టు కట్టి తీరాలి. మీ మనవడి కాలంలో కూడా. ప్రతి పేటలోనూ జనం ఇలాంటి ఇంటిని కళ్ళారా చూస్తారు. చూశాక కూల్చడానికి ఎవరికి చేతులొస్తాయో మీరే ఆలోచించుకోండి."

రాజు దండోరావాడి వైపు తిరిగాడు. ఇంతలో వాన కుండపోతగా అందుకుంది. డప్పు పొట్టకి కరుచుకుని దండోరావాడు మేస్త్రమ్మ పక్కనుంచి ఇంట్లోకి దూరాడు.

"ఏరా, ఎక్కడికి?" అని వానలో తడుస్తూ అరిచాడు రాజు. "నా ఆజ్ఞ ఎవరు చాటుతారు?"

"ఆజ్ఞ ఏదైనా ఇక్కణ్ణించే చాటుతాను ప్రభూ," అన్నాడు వాడు లోపల్నించి. "బయట డప్పు మోగదు."