గిన్నికోడి మౌనవ్రతం

జోగినాయుడి పశువుల దొడ్డిలో ఒక గిన్నికోడి ఉండేది. పేరు చుక్కమ్మ. గిన్నికోడిని పెంచినవారికి చెప్పక్కర్లేదు, పెంచనివారికి చెబుతున్నాను: అది నిద్రలో తప్ప నోరు మూయదు. ఆకు కదిలినా, కొత్త మనిషి కంచె దాపుకొచ్చినా గోడెక్కి ఊరంతా వినేలా కేకలు పెడుతుంది. ఆ కేకల మూలంగానే కంచె అవతలి నక్కబావకు నాలుగేళ్ళుగా ఒక్క కోడిపిల్ల దక్కలేదు.

ఆ ఏడు ఏరువాక పున్నమికి దొడ్డిలోని జంతువులు పాటల కచేరీ పెట్టుకున్నాయి. మొదటి పాట చుక్కమ్మకిచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఆమెను పాడమని అడగలేదు, అందరూ ఆపమన్నవాళ్ళే. ఆ సంతోషంలో పొద్దస్తమానం సాధన చేసి గొంతు కాస్తా బొంగురు చేసుకుంది.

వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు నక్కబావ. వచ్చి కంచె బయట చతికిలబడ్డాడు.

"చుక్కమ్మ పిన్నీ, ఈ గొంతుతోనే పాడతావా?"

"ఏం చేయను నాయనా? ఉన్నది ఇదొక్కటే."

"గోరువెచ్చని నీళ్ళు తాగు. పుల్లమామిడి ముట్టకు. రెండు మిరియపు గింజలు మింగు. అన్నిటికన్నా ముఖ్యం, పున్నమిదాకా మౌనం. పిడుగు పడ్డా నోరు తెరవకూడదు."

ఈ సలహాలో తప్పు పట్టడానికి లేదు. మా చిన్నప్పుడు మా ఊళ్ళో హరికథలు చెప్పే పెద్దాయన కథకు రెండు రోజుల ముందునుంచి మాట్లాడేవాడు కాదు. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపేవాడు. ఆయన భార్యకు అక్షరం ముక్క రాదు. ఏడాది మొత్తంలో ఆ రెండు రోజులే ఇంట్లో సుఖంగా ఉంటుందని ఆవిడ మా అమ్మతో అనేది. సరే, కథలోకి వస్తాను.

చుక్కమ్మ నోరు కట్టేసుకుంది. ముసలి ఎద్దు మల్లన్న, గొంతుకు విశ్రాంతి మంచిదే కానీ ఈ ఉపాయం నీకు చెప్పిందెవరని అడిగాడు. చుక్కమ్మ ముక్కు గట్టిగా బిగించి ఆకాశంకేసి చూసింది.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం జోగినాయుడి ఇంటిల్లిపాదీ గట్లు చెక్కడానికి పొలం పోయారు. నక్కబావ కంచెలోంచి దూరాడు. గోడమీది చుక్కమ్మను చూసి, హుష్ అన్నట్టు పంజా మూతికి ఆనించాడు. గురువుగారు తన గొంతు చూడటానికే వచ్చారనుకుంది ఆ పిచ్చితల్లి. ఆయన నేరుగా కోళ్ళ గంప దగ్గరికి పోయి, అంచు పైకెత్తి, లోపలికి పంజా పెట్టాడు.

"ఏం బావా, ఎండలో బయల్దేరావు?"

వెనక కుక్క భైరవుడు నిలబడి ఉన్నాడు.

"నువ్వు ఈ వేళకు పడుకుంటావు కదా?"

"పడుకునేవాణ్ణే. నాలుగేళ్ళుగా ఆవిడ గోల వింటూ నిద్రపోయినవాణ్ణి. నిన్నటినుంచి ఆ గోల లేక కన్ను అంటుకోవడం లేదు."

దీన్ని నేను నమ్ముతాను. కాలేజీ రోజుల్లో నా గది రైసుమిల్లు పక్కన ఉండేది. మిల్లు ఆగితేనే మెలకువ వచ్చేది.

నక్కబావ తేరుకున్నాడు. తాను చుక్కమ్మకు సంగీత గురువునని, శిష్యురాలిని చూసిపోదామని వచ్చానని, గంప ఒరిగి ఉంటే సర్దుతున్నానని చెప్పాడు. భైరవుడికి పళ్ళకున్న పదును బుద్ధికి లేదు. తలెత్తి, నిజమేనా చుక్కమ్మా అని అడిగాడు.

"ఆవిడ వ్రతంలో ఉంది, పలకదు" అన్నాడు నక్కబావ. తర్వాత గోడవైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఒక్క మాట జారావంటే ఇన్నాళ్ళ తపస్సూ గంగపాలు పిన్నీ. పున్నమినాడు అందరూ నవ్వుతారు."

చుక్కమ్మకు వెన్నెల, దొడ్డి నిండా కూర్చుని తన పాటకోసం చెవులు రిక్కించినవాళ్ళు కళ్ళముందు మెదిలారు. జన్మకల్లా ఒకే పాట. అప్పుడే గంప అంచున, నక్క పంజా కింద, చిన్న పచ్చటి కాలొకటి తన్నుకోవడం కనబడింది.

నోరు తెరిచింది.

దాచుకున్న గొంతు కదా, బొంగురు లేదు, జీర లేదు. ఆ కేక మూడు పొలాలు దాటిపోయింది. పారలు, కర్రలు పట్టుకుని ఊళ్ళో సగంమంది పరుగెత్తుకొచ్చారు. భైరవుడికిక అనుమానం మిగల్లేదు, తోక దొరకబుచ్చుకున్నాడు. నక్కబావ సగం తోక అతనికి వదిలి కంచె దూకాడు. కోడిపిల్ల కుంటుకుంటూ తల్లి రెక్క కిందికి చేరింది.

చుక్కమ్మ మాత్రం పొద్దుగూకేదాకా అరుస్తూనే ఉంది. దాంతో గొంతు పూర్తిగా పోయింది. కచేరీ పోయిందని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మల్లన్న నెమరు ఆపాడు.

"నీ కచేరీ అయిపోయింది కదమ్మా. పనులు మానుకుని జనం పరుగెత్తుకొచ్చి విన్నది ఎవరి పాట?"

ఆ వేళకు పొదలో పుండు నాక్కుంటున్న నక్కబావను పెళ్ళాం అడిగింది, మొన్నటిదాకా బొంగురుగా ఉన్న గిన్నికోడి గొంతు అంతలో అంత బాగా ఎలా తేరిందని.

"ఎవరో మంచి గురువు దొరికాడట" అన్నాడు నక్కబావ.

మాట మంచిదే అయినా, చెప్పినవాడి కడుపు నిండి ఉందో లేదో చూసి మరీ వినాలి.