ఓబుళక్క చెక్క

అనగా అనగా, ఎద్దులు గానుగ లాగే కాలాన, పెన్న గట్టున ఒక పల్లె. ఆ పల్లెలో ఓబుళక్క అని ఒకామె. ఒంటెద్దు గానుగ, ఒంటి బతుకు. నువ్వులాడి నూనె తీసేది. నూనె పోగా మిగిలిన పిప్పి చెక్కను పశువులున్నవాళ్ళకు దాణాగా అమ్మేది.

ఒక ఏడు వానలు వదలకుండా కొట్టాయి. కొట్టం కారి, గంప అడుగున చెక్కకు పచ్చగా బూజు పట్టింది. పారేయడానికి ఓబుళక్కకు చెయ్యి రాలేదు. బూజు గీకింది, ఎండబెట్టింది, దంచి మంచి చెక్కలో కలిపేసింది.

బర్రె ఉన్న నరసప్ప వచ్చాడు.

"అక్కా, చెక్క మంచిదేనా?"

"మంచిదే, తీసుకుపో."

దుక్కిటెద్దులున్న హనుమక్క వచ్చింది.

"వదినా, చెక్క మంచిదేనా?"

"మంచిదే, తీసుకుపో."

ఈరమ్మ వచ్చింది. మొగుడు పోయిన మనిషి. ఒక్క ఆవు, దాని పాల మీదే ముగ్గురు బిడ్డలు.

"అత్తా, చెక్క మంచిదేనా?"

ఓబుళక్కకు ఆ ముగ్గురు బిడ్డలు గుర్తొచ్చారు. అయినా అనేసింది.

"మంచిదే, తీసుకుపో."

వారం తిరగలేదు. నరసప్ప బర్రె పాలు ఎండగొట్టింది. హనుమక్క ఎద్దు నెమరు మానేసింది. ఈరమ్మ ఆవు పడుకున్నది పడుకున్నట్టే పోయింది.

దిష్టి అన్నారు కొందరు. గడ్డి పడలేదన్నారు కొందరు. ఓబుళక్కను మాత్రం ఒక్కరూ అనుమానించలేదు. అదే ఆమెను కాల్చింది.

మూడోనాడు ఈరమ్మ చేట పట్టుకుని వచ్చింది. "అత్తా, తల్లి పోయినకాణ్ణుంచి దూడ ఏమీ ముట్టడం లేదు. నీ చెక్క కాస్త పెట్టు. నమ్మి పెట్టేది అదొక్కటే."

ఓబుళక్క తలెత్తలేకపోయింది.

"నా చెక్కే చంపిందమ్మా నీ ఆవును. బూజు పట్టిందని తెలిసే కలిపాను. నువ్వడిగితే మంచిదే అన్నాను."

ఈరమ్మ తిట్టలేదు. చాచిన చేట వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనుకుంది ఓబుళక్క.

నరసప్ప ఇంటికెళ్ళి ఆ మాటే చెప్పింది. ఆయన తుపుక్కున ఉమ్మాడు. హనుమక్క ఇంటికెళ్ళి చెప్పింది. ఆమె తలుపేసుకుంది. ఓబుళక్క మిగిలిన చెక్కంతా గోతిలో పూడ్చింది. గానుగెద్దును సంతలో ఇచ్చి, బదులు పాడి ఆవును తెచ్చి ఈరమ్మ గుంజకు కట్టింది. ఇక గానుగ కాడి తన భుజాన వేసుకుంది.

ఆనాటినుంచి చెక్క దంచి అమ్మలేదు. వచ్చినవాళ్ళ ఎదుటే విరిచేది. ఏ చేని నువ్వులో, ఏనాడు ఆడిందో, ఎక్కడ చెమ్మ తగిలిందో అడక్కముందే చెప్పేది. ముందు ఒక ముక్క తానే నమిలి మింగేది. "మంచిదేనా?" అంటే తల వంచుకునేది.

"ఆ మాట నేననకూడదు తల్లీ. నువ్వే చూసుకో."

మూడేళ్ళు ఎవరూ కొనలేదు. నాలుగో ఏడు ఈరమ్మ వచ్చింది. విరిచిన చెక్కలోంచి ఒక ముక్క తనూ నమిలింది. మాట్లాడకుండానే చేట నింపుకుంది. ఆ వెనక ఊరూ వచ్చింది. ఓబుళక్క తల మాత్రం తాను పోయేదాకా లేవలేదంటారు.

ఇప్పటికీ ఆ గట్టున దాణా అమ్మేవాళ్ళు "మంచిదే" అనరు. చెక్క విరిచి చూపిస్తారు, ఒక ముక్క ముందు తమ నోట్లో వేసుకుంటారు. ఎందుకని అడిగితే పెద్దలు చెప్పే మాట ఒకటే: "నోరులేనిదానికి పెట్టేది, నోరున్నవాళ్ళు ముందు తినాలి."