అవ్వకు దూరం జరిగిన కొండముచ్చులు

అనగనగా, ఎండాకాలంలో బండలు పెనంలా కాలే ఒక అడవిలో, కొండముచ్చుల గుంపు ఒకటి ఉండేది. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా గుంపంతా చుట్టూ చేరి గట్టిగా కౌగిలించుకోవడం వాళ్ల ఆచారం. ముందటేడు చలికి కొయ్యబారిపోయిన ఒక పసికూన ఆ కౌగిలిలోనే బతికింది మరి.

ఆ గుంపులో గోరింత అనే పిల్ల ఉండేది. కనబడినదల్లా లెక్కపెట్టడం దానికి అలవాటు. అవ్వంటే దానికి ప్రాణం.

ఒకరోజు అవ్వ పొద్దున్నుంచి మిట్టమధ్యాహ్నం దాకా, నీడ లేని బండ మీద కూర్చుని పిల్లల కోసం ఇప్పపూలు ఏరింది. తిరిగొచ్చేసరికి అడుగులు తడబడుతున్నాయి.

గోరింతను చూసి, "ఎవరి పిల్లవే నువ్వు?" అంది.

అవ్వ వేళాకోళం చేస్తోందనుకుని గుంపంతా నవ్వింది. గోరింత నవ్వలేదు. అవ్వ చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. పది లెక్కపెట్టేలోపు రోజూ నాలుగుసార్లు ఊపిరి తీసే అవ్వ, ఇప్పుడు పన్నెండుసార్లు తీస్తోంది. చూస్తుండగానే కూలబడి కళ్లు మూసేసింది.

మొదట అందరూ అవ్వను వాటేసుకున్నారు. పన్నెండు పధ్నాలుగైంది. తర్వాత పిన్ని ఎండుటాకులు తెచ్చి మెడ దాకా కప్పింది. పదహారైంది. ఆ పైన పెద్దమామ మోదుగాకు దొప్పలో నీళ్లు తెచ్చి నోట్లో పోయబోయాడు.

గోరింత ఆ చేతికి అడ్డం పడింది.

"వద్దు మామా. స్పృహ లేనప్పుడు పోస్తే నీళ్లు ఊపిరికి అడ్డుపడతాయి. అవ్వకు చలి కాదు, ఒళ్లంతా సెగ. మనం పట్టుకుని ఇంకా కాగబెడుతున్నాం."

"అయితే ముసలిదాన్ని ఒంటరిగా వదిలెయ్యమంటావా? అంత బండగుండె ఎక్కడిదే నీకు?" అంది పిన్ని.

గోరింతకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దానికీ అవ్వను వదలాలని లేదు. అయినా ముందుగా తన చేతులే తీసేసింది. పెద్దమామ దాన్ని చూసి తన చేతులూ తీశాడు. ఒకరి తర్వాత ఒకరు జరిగారు.

ఆకులు దులిపి, అవ్వను మడుగు పక్కనున్న నీడలోకి మోసుకెళ్లారు. మడుగులో పడుకున్న దున్న వాళ్లను చూసి, "నీళ్లంటే ఆమడ దూరం పరిగెత్తేవాళ్లు, ఇవాళ తలంటుకు వచ్చారా?" అంది. సంగతి తెలియగానే గబగబా లేచి, తడి తోకతో అవ్వ మీద నీళ్లు చిలకరించసాగింది. మిగతావాళ్లు దొప్పలతో తల నుంచి పాదాల దాకా నీళ్లు పోశారు, ఆకులతో విసిరారు. గోరింత లెక్కపెడుతూనే ఉంది. పదిహేను. పదకొండు. ఏడు.

ఐదుకు దిగాక అవ్వ కళ్లు తెరిచింది. చుట్టూ చూసి చిన్నబుచ్చుకుంది.

"నేనింకా పోలేదు కదా. అందరూ అంత దూరాన నిలబడ్డారేం?"

"నీ మనవరాలు దగ్గరకు రానివ్వడం లేదు, నన్నడక్కు" అంది పిన్ని కళ్లు తుడుచుకుంటూ. దొప్ప పట్టుకుని గోరింత వైపు చూసింది. అది తలూపాకే, కొద్దికొద్దిగా తాగమని అవ్వకు నీళ్లు అందించింది.

ఆ రోజు పొద్దు వాలేదాకా గుంపంతా, చెయ్యి చాపినా అందనంత దూరంలో కూర్చుని, అవ్వకు వంతులవారీగా పొడవాటి ఆకుకొమ్మలతో విసిరింది.

నీతి: ఒంట్లో బాగాలేని వాళ్లను ప్రేమతో హత్తుకునే ముందు, వాళ్లకు పుట్టింది చలో సెగో చెయ్యి వేసి తెలుసుకోవాలి.